దుప్పికి ఏ తుపాకి?

దుప్పి వేటకు ఏ రైఫిలు మంచిది, దాని బోరు ఎంత వుండాలి అనేది చూడటానికి పూర్తిగా సాంకేతికమైన ప్రశ్న. జంతువు బరువు, దూరం, తూటా వేగం తెలిస్తే జవాబు దానంతట అదే వస్తుందనిపిస్తుంది. వేట పుస్తకాలు రాసిన దొరలు చాలామంది ఈ ప్రశ్నను అలాగే చర్చించారు. ఏ జంతువుకు ఏ తుపాకి అని అధ్యాయాలకు అధ్యాయాలు రాశారు.

కొంతకాలంగా నేనా పుస్తకాల్ని వేట మీద మోజుతో కాక, సాహిత్యాన్ని చదివే పద్ధతిలో చదువుతున్నాను. చదివిన కొద్దీ ఒక విషయం స్పష్టమవుతూ వచ్చింది. మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు దుప్పి శరీరాన్ని బట్టి రాలేదు. తుపాకి ఎవడి చేతిలో వుంటుంది, ఆ గొట్టం రేపు ఎటు తిరుగుతుంది అన్నదాన్ని బట్టి వచ్చింది. బోరు కొలతను అంగుళంలో వందో వంతు, వెయ్యో వంతు దాకా నిర్ణయించింది వేటగాడి అనుభవం కాదు, పాలకుడి భయం. ఈ మాటను ఆధారాలతో నిలబెట్టటమే ఈ వ్యాసం పని.

1

ముందు లెక్క చెప్పుకుందాం. లెక్క తెలియకుండా రాజకీయం అర్థం కాదు.

తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని బోరు అంటారు. రైఫిలు గొట్టం లోపల మర చుట్టు గాళ్ళుంటాయి. అవి తూటాను బొంగరంలా తిప్పి దూరానికి నిలకడగా పంపుతాయి. ఇంగ్లీషు పద్ధతిలో రైఫిలు బోరును అంగుళంలో వంతులుగా చెపుతారు. .303 అంటే అంగుళంలో వెయ్యికి 303 వంతులు. మన పల్లెల్లో కూడా తెలిసిన త్రీ నాట్ త్రీ ఇదే. గాళ్ళు లేని నునుపు గొట్టపు తుపాకులకు లెక్క వేరు. గొట్టానికి సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌనుకు ఎన్ని తూగుతాయో ఆ అంకె చెపుతారు. పన్నెండు తూగితే పన్నెండు బోరు. కనక ఈ లెక్కలో అంకె పెరిగితే గొట్టం సన్నమవుతుంది.

ఇక జంతువు. మన అడవుల చుక్కల దుప్పి మగది ఎనభై కిలోల దాకా తూగుతుంది. పొదల్లో, చెట్ల నీడల్లో వుంటుంది కాబట్టి యాభై, నూరు గజాల దూరంలో కాల్చేవాళ్ళు. మైదానాల్లో తిరిగే కృష్ణజింక నలభై కిలోలకు అటూ ఇటూ వుంటుంది. శాస్త్రం ప్రకారం అది దుప్పి జాతి కాదు, అయినా వేటగాళ్ళ లెక్కలో దుప్పి పక్కనే వుంటుంది. దాన్ని దూరం నుంచి కాల్చాలి గనక వేగంగా, తిన్నగా పోయే సన్న తూటా కావాలి. కణుజు మగది రెండు వందల కిలోలు దాటుతుంది. దానికి బరువైన తూటా కావాలి. తూటా చర్మాన్ని తాకి ఆగిపోకూడదు, ఇటు నుంచి అటు సన్న రంధ్రం చేసి దూసుకుపోనూ కూడదు. లోపల విచ్చుకుని తన శక్తినంతా అక్కడే ఖర్చు చెయ్యాలి. అలా చెయ్యకపోతే జంతువు గాయంతో పారిపోయి, రోజుల తరబడి బాధపడి, ఎక్కడో పొదల్లో చస్తుంది. వేటలో మంచి చెడ్డల చర్చ అంతా చివరికి ఇక్కడికే వస్తుంది.

ఇంగ్లండులో 1963లో, మళ్ళీ 1991లో చేసిన జింకల చట్టాలు ఈ విషయాన్నే పట్టించుకున్నాయి. .240 కంటే తక్కువ బోరు వున్న రైఫిలుతో గాని, 1,700 అడుగు పౌన్ల కంటే తక్కువ శక్తి వున్న రైఫిలుతో గాని జింకను కాల్చకూడదన్నాయి. చిన్న జాతులకు తర్వాత కొంత సడలింపు ఇచ్చారు. ఆ చట్టం కింది హద్దు గీసింది. ఇంతకంటే బలహీనమైన ఆయుధం వాడితే జంతువు బాధపడుతుంది, కాబట్టి వాడొద్దు అంది.

ఇదే పాలకవర్గం భారతదేశంలో చేసిన చట్టాలు చూడండి. ఇక్కడ గీసింది పై హద్దు. ఇంతకంటే మంచి ఆయుధం నీ చేతిలో వుండకూడదు అనటమే వాటి సారాంశం. ఆ చట్టాల్లో జింక బాధ ప్రసక్తి లేదు. మొదటి తరం .303 రైఫిలు పద్నాలుగు గ్రాముల తూటాను సెకండుకు రెండు వేల అడుగుల వేగంతో పంపేది. ఆ శక్తి ఇంగ్లండు చట్టం తర్వాతి కాలంలో అడిగిన కొలతకు మించి వుంది. మన అడవుల్లోని దుప్పి జాతులన్నిటికీ చాలింది. అయినా సాధారణ భారతీయుడికి అది దక్కలేదు. ఎందుకు దక్కలేదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2

జింకను అడ్డం పెట్టుకుని జనం చేతిలో ఆయుధం లాక్కోవటం ఇంగ్లీషు భూస్వాములు మన మీద మొదట ప్రయోగించిన విద్య కాదు. తమ రైతుల మీదే ప్రయోగించారు. 1671 నాటి వేట చట్టం ఏడాదికి నూరు పౌన్ల ఆదాయం వచ్చే సొంత భూమి లేనివాడికి వేట హక్కు లేదంది. అలాంటివాళ్ళ ఇళ్ళు సోదా చేసి తుపాకుల్నీ కుక్కల్నీ పట్టుకుపోయే అధికారం జమీందార్ల వేట కావలివాళ్ళకు ఇచ్చింది. 1723లో వచ్చిన 'నల్ల చట్టం' ముఖానికి మసి పూసుకుని అడవిలో జింకను దొంగిలించినవాడికి ఉరిశిక్ష విధించింది. ఈ చట్టం మీద చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1975లో ఒక పుస్తకమే రాశాడు. చట్టం వర్గాల మధ్య ఎలా పనిచేస్తుందో చదవదలచిన విద్యార్థులు వదిలిపెట్టకూడని పుస్తకం అది.

ఆ అనుభవంతోనే వాళ్ళు మన దేశానికి వచ్చారు. 1857 తిరుగుబాటు ఒక తూటాతోనే ముడిపడింది. ఆనాటి .577 ఎన్‌ఫీల్డు రైఫిలుకు కొవ్వు పూసిన కాగితపు తూటాలు వాడాల్సిరావటం కారణమంతా కాదు గాని, నిప్పురవ్వ అదే. తిరుగుబాటును అణిచాక మొదటి పనిగా నిరాయుధీకరణ మొదలుపెట్టారు. 1860లో ఆయుధాల చట్టం చేశారు. సైన్యంలో కూడా భారతీయ సిపాయికి ఎప్పుడూ తెల్ల సిపాయి కంటే ఒక తరం పాత తుపాకి ఇచ్చారు. తెల్లవాళ్ళకు మార్టినీ-హెన్రీలు వచ్చినప్పుడు మనవాళ్ళకు స్నైడర్లు. తెల్లవాళ్ళకు .303 వచ్చినప్పుడు మనవాళ్ళకు మార్టినీలు. ఒకే జెండా కింద, ఒకే శత్రువు మీద పోరాడే సైన్యంలోనే బోరు తేడా వుంది. ఇక పౌరుల సంగతి చెప్పేదేముంది!

లిట్టన్ వైస్రాయిగా వున్న 1878వ సంవత్సరాన్ని రచయితలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఒక్క ఏడాది మూడు చట్టాలు వచ్చాయి. ఆ ఏటి 7వ చట్టం అడవుల చట్టం. 9వది దేశభాషా పత్రికల చట్టం. 11వది ఆయుధాల చట్టం. అడవి, కలం, తుపాకి మూడింటికీ ఒకే ఏడాది తాళాలు పడ్డాయి. దేశభాషల్లో పత్రిక నడిపేవాడి దగ్గర పూచీ పత్రం రాయించుకోవచ్చు, ఇంగ్లీషులో నడిపేవాడికి ఆ బెడద లేదు. అందుకే బెంగాలులో అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రి ఇంగ్లీషులోకి మారింది. తుపాకి వుంచుకోవాలంటే భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియనుకు అక్కర్లేదు. ఈ జాతి భేదాన్ని మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక గాని తొలగించలేదు. పత్రికల చట్టం రిపన్ కాలంలో రద్దయింది. అడవుల చట్టం మద్రాసు రాజధానికి వర్తించకపోయినా, 1882లో మద్రాసుకు వేరే అడవుల చట్టం వచ్చింది. ఆయుధాల చట్టం మాత్రం 1947 దాటి, 1959లో కొత్త చట్టం వచ్చేదాకా బతికింది. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సడలించమని తీర్మానం చేసింది. ఆ కోరికను చాలాకాలం ఎవరూ చెవిన పెట్టలేదు.

అదే 1878లో జర్మన్ భాషలో ఏంగెల్సు రాసిన 'యాంటీ డ్యూరింగ్' పుస్తకంగా వెలువడింది. బలప్రయోగానికి పునాది ఆయుధాల ఉత్పత్తిలోనూ, అందువల్ల మొత్తం ఉత్పత్తిలోనూ వుందని ఆయన అందులో వాదించాడు. రాబిన్సన్ క్రూసో కత్తికి లొంగిన ఫ్రైడే ఒకనాటి ఉదయం తుపాకితో ఎదురైతే ఏమవుతుందన్న వెక్కిరింపు ప్రశ్న ఆ వాదంలోదే. లిట్టన్ ప్రభుత్వానికి ఆ పుస్తకం తెలిసి వుండనక్కర్లేదు. ఆ ప్రశ్న మాత్రం బాగా తెలుసు.

3

ఇప్పుడు బోరు కొలతలకు వద్దాం. ఇక్కడే చరిత్ర ఆసక్తికరమవుతుంది.

మార్టినీ-హెన్రీ రైఫిలు తూటా సుమారు .450 అంగుళాల మందం. పాతబడిన ఆ రైఫిళ్ళు దేశంలో వేల సంఖ్యలో వున్నాయి. అదే సమయంలో ఏనుగుల్నీ అడవి దున్నల్నీ కొట్టే దొరలు, రాజులు .450 బోరు జంట గొట్టాల రైఫిళ్ళు ఇష్టంగా వాడేవాళ్ళు. వేటగాడి తూటా విప్పి అందులోని సీసాన్ని తిరుగుబాటుదారు పాత మార్టినీలో వాడుకుంటే? ఈ అనుమానంతో 20వ శతాబ్ది మొదటి పదేళ్ళలో భారతదేశంలోనూ సూడానులోనూ .450 బోరును నిషేధించారు. ఈ రెండు దేశాలనే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. రెండూ తిరగబడ్డ దేశాలే.

లండను తుపాకి వర్తకులు మార్కెట్టు వదులుకుంటారా? .450ను కొంచెం పెంచి .465 తెచ్చారు, .470 తెచ్చారు, .475 తెచ్చారు. పెద్ద జంతువుల వేటకు ప్రపంచమంతటా పేరుమోసిన .470 పుట్టుక ఇదే. ఏనుగు పుర్రె మందం మారలేదు. దాన్ని కొట్టే తూటా మందం మాత్రం అంగుళంలో వందో వంతు లెక్కన మారిపోయింది. మారటానికి కారణం ఏనుగు కాదు.

.303 విషయంలో జరిగిందీ ఇదే. అది సైన్యం బోరు. పౌరుడి దగ్గర .303 రైఫిలుంటే బారకాసుల్లోంచి దొంగిలించిన తూటాలు అందులో పడతాయి. పౌరుడి దగ్గర .303 తూటాలుంటే దొంగిలించిన సైనిక రైఫిళ్ళకు అవే తిండి. రెండు వైపులా ప్రమాదమే. కాబట్టి దుప్పిని కొట్టటానికి భారతీయుడికి వేరే బోరు కావాలి. శక్తి దాదాపు అంతే వుండాలి, తూటా మాత్రం సామ్రాజ్యం ఆయుధాగారాల్లో ఎక్కడా దొరకకూడదు.

ఆ అవసరంలోంచి వచ్చిందే .315. మన దేశంలో లైసెన్సున్న రైఫిలు అనగానే గుర్తొచ్చే బోరు ఇది. పేరు మార్చుకున్నా దీని అసలు పుట్టుక ఆస్ట్రియాలో. ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిహర్ తూటాయే మన .315. సుమారు పదహారు గ్రాముల బరువైన తూటా, అంత ఎక్కువ కాని వేగం. దగ్గర దూరంలో దుప్పికీ కణుజుకీ సరిపోతుంది. దూరంగా మైదానంలో నిలబడ్డ కృష్ణజింకకు అంత అనువు కాదు. అయినా మనకు దక్కింది అదే.

జిమ్ కార్బెట్ రైఫిలు కథ కూడా ఇలాంటిదే. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు ఆయనకు రిగ్బీ కంపెనీ .275 రైఫిలు బహూకరించాడు. దుప్పి వేటకు అంత చక్కని బోరు లేదని వేటగాళ్ళు చెప్పుకునేది దీన్నే. .275 అనేది ఇంగ్లీషు పేరు. అసలు అది జర్మనీ వారి 7 మిల్లీమీటర్ల మౌజరు తూటా. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా బోయర్లు ఇంగ్లీషు సైనికుల్ని కాల్చింది ఈ తూటాతోనే.

ఇందులోని వైచిత్రిని గమనించాలి. భారతదేశంలో విధేయమైన బోర్లు అంటే పరాయి సైన్యాల బోర్లు! సామ్రాజ్యం తన సొంత తూటాకు భయపడింది, శత్రువు తూటాకు భయపడలేదు. కారణం తేలిక. ఆస్ట్రియా సిపాయి తూటాలు విశాఖపట్నంలోనో వరంగల్లులోనో దొంగిలించటానికి దొరకవు. తన సొంత తూటా ప్రతి ఠాణాలోనూ, ప్రతి బారకాసులోనూ వుంది. ఠాణా చుట్టూ జనం వున్నారు.

4

తూటా మొన గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1895లో చిత్రాల్ దండయాత్రలో .303 తూటా శత్రువును ఆపటం లేదని ఫిర్యాదు వచ్చింది. రాగి-నికెల్ తొడుగున్న ఆ తూటా సన్న రంధ్రం చేసి దూసుకుపోతోంది. కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బెర్టీ-క్లే అనే అధికారి మొన దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటపెట్టాడు. అది శరీరంలో పువ్వులా విచ్చుకుంటుంది. అదే డమ్‌డమ్ తూటా. 1897-98లో తీరా కొండల్లో అఫ్రీదీల మీద వాడారు.

1899లో హేగ్ సమావేశం ఇలాంటి తూటాల్ని యుద్ధంలో నిషేధించింది. బ్రిటిషు ప్రతినిధి జాన్ ఆర్డా దాన్ని వ్యతిరేకించాడు. నాగరికుడైన సైనికుడు గాయపడితే పక్కకు తప్పుకుంటాడు, అనాగరికుడు గాయంతోనే మీదికి వస్తాడు, కాబట్టి వాడికి వేరే తూటా కావాలి అనేది ఆయన వాదం సారాంశం. బ్రిటన్ ఆ నిషేధాన్ని 1907లో గాని ఒప్పుకోలేదు.

దుప్పి వేటకు వాడేదీ ఇలాంటి మెత్త మొన తూటాయే. జంతువు బాధ తగ్గటానికి అది అవసరం కూడా. దాన్ని తప్పుపట్టటం లేదు. కాని ఏ తూటా ఏ శరీరానికి అనే పట్టికలో యూరపు సైనికుడు ఒక గడిలోనూ, దుప్పి, అఫ్రీదీ ఇంకో గడిలోనూ పడ్డారు. సామ్రాజ్యవాదం మనిషిని ఎలా చూసిందో చెప్పటానికి ఎన్నో ఉపన్యాసాల కంటే ఈ పట్టిక మేలు.

5

తెలుగు నేల మీద ఈ చరిత్ర ఎలా నడిచింది?

ఆయుధాల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879లో, రంప ఫితూరీ లేచింది. ముఠాదార్ల మీద దౌర్జన్యం, కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు దానికి కారణాలు. మన్యం మనిషికి దుప్పి వేట వినోదం కాదు. అది తిండి, చేను కాపలా, పండుగ. అడవి రిజర్వు కాగానే, లైసెన్సు లేని తుపాకి నేరం కాగానే, నిన్నటి వేటగాడు దొంగవేటగాడయ్యాడు. మనిషి మారలేదు, అడవి మారలేదు, దుప్పి మారలేదు. మాట మారింది. చట్టం భాషలోకి చొరబడి ఒక పదాన్ని ఎలా పుట్టిస్తుందో రచయితలకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసింది. తీసుకెళ్ళింది డబ్బు కాదు. 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు ఆ దళం కాల్పుల్లో చనిపోయారు. అక్టోబరులో అడ్డతీగల ఠాణా మీదికి వెళ్ళేసరికి పోలీసులు ఆయుధాల్ని ముందే దాటించేశారు. ఠాణా దొరికింది గాని తుపాకులు దొరకలేదు. బోరు నిషేధాలు పెట్టినవాళ్ళ ఆలోచన ఎంత ముందుచూపుతో కూడిందో ఈ రెండు నెలల్లో తేలిపోయింది. తుపాకి ఒకసారి చేతికొస్తే ఏళ్ళపాటు వుంటుంది. తూటా పేలితే అయిపోతుంది. తిరుగుబాటు ఎంతకాలం నిలుస్తుందనేది తూటా ఎక్కడ దొరుకుతుందన్నదాని మీద ఆధారపడుతుంది.

అందుకే తర్వాతి కాలంలో పోలీసులకూ కావలివాళ్ళకూ ఒక విచిత్రమైన ఆయుధం తయారుచేసి ఇచ్చారు. ఇషాపూరు కర్మాగారంలో .303 రైఫిలు గొట్టంలోని గాళ్ళు తీసేసి, .410 నునుపు గొట్టంగా మార్చారు. ఒక్కో తూటా చేత్తో పెట్టి పేల్చేలా కుదించారు. బయటికి చూస్తే సైనిక రైఫిలే. లోపల దగ్గర దూరపు మస్కెట్టు. పోతే పోనీ, శత్రువు చేతిలో పడ్డా పనికిరాదు అనే ధీమా అది. తన పోలీసును కూడా నమ్మని రాజ్యం తయారుచేసిన తుపాకి అది.

తెలంగాణలో దీని రూపం ఇంకోటి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరుపొందినవాడు. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు హైదరాబాదు రాజ్యానికి అతిథిగా వచ్చి వేటాడాడు. దీనదయాళ్ తీసిన ఫోటోల్లో నిజాం షికారు శిబిరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. దొరల గడీల్లో గోడల మీద దుప్పి కొమ్ములు, మూల విదేశీ తుపాకి. ఊళ్ళో జనం దగ్గర బర్మారు. గొట్టం ముందు నుంచి మందు పోసి, గుడ్డ కూరి, గుండు వేసి, గజంతో దట్టించి పేల్చే నాటు తుపాకి అది. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం కావటానికి నిమిషం పడుతుంది. వానలో మందు తడిస్తే అదీ లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల రైఫిళ్ళకు ఎదురు నిలిచింది ఇలాంటి ఆయుధాలతోనే. 1946 తర్వాత తెలంగాణ రైతులు వడిసెలతో, కర్రలతో, కారప్పొడితో మొదలుపెట్టి, బర్మార్లు పట్టి, గడీల్లోని వేట తుపాకుల్ని స్వాధీనం చేసుకుంటూ వచ్చారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ క్రమం వివరంగా వుంది. దుప్పి కోసం కొన్న తుపాకి దొర నుంచి దళానికి చేరినప్పుడు దాని బోరు మారలేదు. దాని అర్థం మారింది. 1878లో చట్టం రాసినవాడు సరిగ్గా దీన్నే ఊహించి రాశాడు.

6

స్వాతంత్ర్యం వచ్చాక ఏం జరిగింది? 1959 ఆయుధాల చట్టం జాతి భేదం లేకుండా వచ్చింది. అది ముందడుగే, కాదనలేం. అయితే దాని 13వ సెక్షన్ చదవండి. ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు బోరు తుపాకికి లైసెన్సు ఇవ్వచ్చు. నిజంగా పంట కాపలా కోసమైతే ముందు నుంచి మందు దట్టించే తుపాకికి ఇవ్వచ్చు. క్రీడకు తూటా తుపాకి, చేనుకు బర్మారు! వేట వినోదమైనవాడికీ, అడవి పందీ దుప్పీ మేస్తే ఏడాది తిండి పోయేవాడికీ మధ్య తేడా చట్టం వాక్యంలోనే నిలిచిపోయింది.

1962 నిబంధనల్లో నిషిద్ధ బోర్ల పట్టిక వుంది. .303 గాని, సైన్యం కొత్తగా తీసుకున్న 7.62 మిల్లీమీటర్లు గాని, ఆ సైనిక తూటాలు పట్టే మరే బోరు గాని పౌరుడికి కూడదు. పైన చెప్పిన .410 మస్కెట్టూ ఆ పట్టికలో వుంది. పాలకులు మారారు, ఆయుధాగారంలో బోరు మారింది, నియమం వెనక తర్కం మారలేదు. ఇషాపూరు కర్మాగారం ఒక చేత్తో సైన్యానికి తుపాకులు చేస్తూ, ఇంకో చేత్తో పౌరులకు .315 చేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303 రైఫిళ్ళను 2020లో గాని పూర్తిగా పక్కన పెట్టలేదు. అంటే 1888లో పుట్టిన బోరు నూట ముప్పై ఏళ్ళ పాటు రాజ్యం బోరుగానే వుంది.

ఇక దుప్పి. లైసెన్సు షికారు స్వాతంత్ర్యం తర్వాతా సాగింది. విదేశీయుల్ని తెచ్చి వేటాడించే కంపెనీలు వెలిశాయి. 1970లో పులివేట నిషేధమైంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు మిగిల్చింది. 1991 సవరణ వాటినీ తీసేసింది. ఇవ్వాళ కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. వాటిని కాల్చటం నేరం. అలా వుండటం న్యాయమే. జనం చేతికి రైఫిలు ఇచ్చి వుంటే అడవి బాగుండేదని నా వాదన కాదు. నాటు తుపాకి కూడా దుప్పిని చంపింది. అడవిని నరికి టేకు తోటలు వేసినవాళ్ళు, వందల తలకాయల్ని గోడకు కొట్టించుకున్నవాళ్ళు చేసిన నాశనాన్ని దొంగవేటగాడి ఖాతాలో రాయటాన్నే నేను ఒప్పుకోను.

7

చివరగా మన పనికి సంబంధించిన మాట. షికారు సాహిత్యంలో తుపాకికి పేరుంటుంది. తయారుచేసిన కంపెనీ పేరు, బోరు, గొట్టం పొడవు, తూటా బరువు అన్నీ వుంటాయి. చంపిన జంతువు కొమ్ములకు అంగుళాల్లో కొలత వుంటుంది. ఆ కొలతల్ని నమోదు చెయ్యటానికి 1892 నుంచి లండనులో రోలాండ్ వార్డ్ పుస్తకాలే అచ్చువేశాడు. డప్పులు కొట్టి, ముళ్ళల్లో పడి, మెకాల్ని మంచె ముందుకు తోలిన మనుషులకు మాత్రం పేరుండదు. 'కూలీలు', 'నేటివులు', లేకపోతే వట్టి అంకె.

మినహాయింపులు లేవనను. కార్బెట్ తన చుట్టూ వున్న కొండ పల్లెల మనుషుల్ని పేరు పెట్టి పిలిచాడు. ఆనాటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్ తన .405 వించెస్టరు గురించి ఎంత రాశాడో, దొంగవేటగాడుగా పరిచయమైన బైర అనే పూజారి తెగ మనిషి గురించి అంత ఆప్యాయంగానూ రాశాడు. అడవి చదువు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో దాచుకోలేదు. ఆ పుస్తకాలు ఇవాళ్టికీ చదివించటానికి అదొక కారణం. ప్రక్రియ మొత్తాన్ని తీసుకుంటే మాత్రం వస్తువుకు చరిత్ర వుంది, మనిషికి లేదు.

మన ప్రబంధాల్లోనూ ఇదే సంప్రదాయం ఇంకో రూపంలో కనిపిస్తుంది. మనుచరిత్రలో స్వరోచి వేట రాచవేట, విలాసం. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి వేట బోయపల్లె బతుకు. రెండిట్లోనూ వున్నది వేటే. కాని వేట ఎవరిదన్నదాన్ని బట్టి వర్ణన స్వభావమే మారిపోతుంది. పాత కవికి తెలిసిన ఈ తేడా కొత్త కథకుడికి తెలియకపోతే ఎలా?

మన కథల్లో, నవలల్లో 'తుపాకి పేలింది' అని రాసి ముందుకు పోతాం. ఏ తుపాకి? దొర గోడ మీది రిగ్బీయా, పోలీసు చేతిలోని త్రీ నాట్ త్రీయా, లైసెన్సున్న కాపు .315 రైఫిలా, గోండు చేతిలోని బర్మారా? ఒక్కోదానికి ఒక్కో చప్పుడు, ఒక్కో దూరం. మళ్ళీ పేల్చటానికి పట్టే సమయం వేరు. అంతకంటే ముఖ్యంగా, అది ఆ చేతికి రావటానికి వెనక వున్న చట్టం వేరు. బర్మారులో మందు దట్టించటానికి పట్టే ఆ నిమిషంలో రైఫిలు పదిసార్లు పేలుతుంది. మన రైతాంగ పోరాటాల్లో ఎంతోమంది ఆ నిమిషంలోనే చనిపోయారు. ఆ నిమిషాన్ని రాయలేని వాస్తవికత వాస్తవికత కాదు.

ఏ దుప్పికి ఏ తుపాకి అన్న ప్రశ్నను వేటగాళ్ళకు వదిలేద్దాం. ఏ చేతికి ఏ తుపాకి, ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు అన్నవి మాత్రం మన ప్రశ్నలు. వాటికి జవాబులు బోరు అంకెల్లోనే వున్నాయి. వాటిని చదవటం మనం నేర్చుకోవాలి.